పక్కన నడిచేవాళ్ళు మాట్లాడకూడదు

లాయం వెనక గది,
సోమవారం

వదినకి,

నా చేతిరాత చూసి నవ్వకండి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు పడాల్సిన చోట పడవు, అక్కర్లేని చోట పడతాయి. మీ తమ్ముడు దిద్దిపెడతానన్నాడు, వద్దన్నాను. ఆయన దిద్దితే అది ఆయన ఉత్తరమైపోతుంది. తప్పులు మీరే సర్దుకుని చదువుకోండి.

"చందా డబ్బా పట్టుకుని జనం ముందు నిలబడాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదే పిల్లా, అసలక్కడ ఏం చేస్తారో రాయి" అన్నారు. నోటితో అయితే చెప్పలేను, మీకు తెలుసుగా. పెళ్ళయిన కొత్తలో మీరు నాకు పెట్టిన పేరుతోనే మీ తమ్ముడు ఇప్పటికీ పిలుస్తాడు, బెల్లం కొట్టిన రాయి అని.

ఇక్కడ మూడు గుర్రాలున్నాయి. వాటి మీద ఎక్కేది సరదాకి వచ్చేవాళ్ళు కాదు. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలు, మాట రాని పిల్లలు. గుర్రం నడుస్తుంటే దాని వీపు అచ్చం మనం నడిచేటప్పుడు నడుము ఊగినట్టే ఊగుతుందట. నడక ఎరగని పిల్ల నడుముకి నడకంటే ఏమిటో గుర్రం చెబుతుందని ఫిజియో మేడం అంటుంది. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోరు. చందాలే ఆధారం, ఊరికే వచ్చి చాకిరీ చేసే మనుషులే ఆధారం. జీతమున్నది గుర్రాల మనిషికి, అంటే మీ తమ్ముడికి ఒక్కడికే. అదీ వస్తే వచ్చినట్టు.

నేను దీంట్లోకి ఎలా వచ్చానంటే, ఒకరోజు పక్కన నడిచే ఆవిడ రాలేదు. నేను నీళ్ళ బకెట్టుతో అటుగా పోతున్నాను. మేడం "నువ్వు రా" అంది. అంతే. అప్పటినుంచి రోజూ పొద్దున వెళ్తున్నాను.

ఒక పిల్లకి నలుగురం. ముందు తాడు పట్టుకుని మీ తమ్ముడు. అటొకరు, ఇటొకరు పక్కన నడుస్తూ, ఒక చెయ్యి పిల్ల తొడ మీద వేసి పట్టుకోవాలి. మేడం మధ్యలో నిలబడి చెబుతుంది. మాట్లాడేది ఆవిడొక్కతే. పక్కన నడిచేవాళ్ళు మాట్లాడకూడదు. అందరూ తలా ఒకటి అంటే పిల్ల ఎవరి మాట వినాలో తెలియక బిగుసుకుపోతుంది. పిల్ల బిగుసుకుంటే గుర్రమూ బిగుసుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు "అబ్బ, ఎంత బాగా కూర్చున్నావే బంగారం" అనేసి మేడం చేత చివాట్లు తింటారు. నేను ఇంతవరకు తినలేదు. నోరు మూసుకోవడమే పనిగా ఉన్న చోటు ఒకటి ఉంటుందని నాకు తెలియదు వదినా. తెలిస్తే ముందే వచ్చేదాన్ని.

మా ముసలి గుర్రం పేరు చుక్క. నుదుటి మీద తెల్లటి చుక్క ఉంటుంది. దాన్ని ఎక్కే పాపకి ఆరేళ్ళు. రెండు చేతులూ ఎప్పుడూ గుప్పిట బిగించి ఉంటాయి కాబట్టి అందరం పిడికిలి అంటాం. వాళ్ళమ్మ కూడా అలాగే పిలుస్తుంది. చుక్క నాలుగు అడుగులు వేసేసరికి ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడి జూలులోకి పోతాయి. ఆ పాప చుక్కని "పెద్దమ్మా" అని పిలుస్తుంది.

గడ్డి షాపతను అరువు ఆపేశాడు. ఈ నెల ఏదో ఒకటి దొరక్కపోతే ముందు అమ్మేది చుక్కనే, వయసైపోయింది కదా. అందుకే మీ డబ్బాల మీద ఆశ.

ఇంతవరకు ఎవరికైనా చెప్పండి. ఇక్కడినుంచి మీకు ఒక్కరికే.

పిడికిలి వాళ్ళమ్మ టైలరు. ఇంట్లోనే మిషను. నాతో బాగా కలిసింది, చెల్లీ అంటుంది. నిన్న జీను పట్టీ బిగిస్తుంటే తలెత్తకుండానే అంది: "ఒక్కోసారి రాత్రిపూట, నిద్రలోనే పోతే బాగుండు అనిపిస్తుంది చెల్లీ. ఎవరు, నువ్వా పాపా అని మాత్రం అడక్కు. నాకే తెలీదు." పట్టీ రెండో వైపు నేను బిగించాను. తర్వాత పాప దిగేటప్పుడు ఆ విడిన చెయ్యి వాళ్ళమ్మ చెంపకి తగిలింది. ఆవిడ అక్కడే గడ్డి మోపు మీద కూర్చుండిపోయింది.

ఈ మాట మోయలేక మీకు రాశాను. మీ తమ్ముడికి కూడా చెప్పలేదు. చదివి కాల్చెయ్యండి.

మీ మరదలు

*

బస్టాండు, అనౌన్సు గది,
శనివారం, రద్దీ తగ్గాక

మరదలు పిల్లకి,

ఏమే రాయీ! నీలో ఇంతుందా! ముగ్గురు నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే తలుపు చాటున నిలబడి వినేదానివి. ఇప్పుడు చూడు, ఉత్తరం రాసి నాలాంటిదాన్ని ఏడిపించావు. మీ అన్నయ్య కంగారుపడి "ఎవరు పోయారే" అని అడిగాడు.

చేతిరాతదేముంది, నీ కోడికాళ్ళు నాకు బాగానే అర్థమయ్యాయి.

డబ్బాల సంగతి విను. మా మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ప్లాట్‌ఫారాల మీద డబ్బాలు పెట్టించాను. కాంటీను అమ్మాయిలూ, ఇద్దరు కండక్టర్లూ పట్టుకుని తిరిగారు. మొదటిరోజు గలగలమనే చిల్లర తప్ప ఏమీ లేదు. "గుర్రాలకి గడ్డా? మాకెవరు పెడతారమ్మా" అని ఒకడు వెక్కిరించాడు. రెండో రోజు మాత్రం జనం డబ్బాల కోసం వెతుక్కుంటూ వచ్చారు. ఎలా అని అడక్కు. ఇరవై ఏళ్ళుగా బస్సుల పేర్లు అరిచిన గొంతు ఇది, ఎక్కడ తగ్గించాలో ఎక్కడ ఆపాలో దానికి తెలుసు.

మీ గడ్డి షాపతనికి నేరుగా కట్టేశాను. లారీ వస్తుంది. చుక్కకి చెప్పు, దాని ముసలితనం నా పూచీ అని.

మా తమ్ముణ్ణి వేళకి తినమను. గుర్రాల కడుపు చూసుకుంటూ తన కడుపు మర్చిపోతాడు.

వదిన

*

లాయం,
గడ్డి లారీ వచ్చిన రోజు

వదినకి,

లారీ వచ్చింది. గడ్డి మంచిదే.

ఇవాళ పిడికిలి రాలేదు. వాళ్ళమ్మ ఒక్కతే వచ్చింది. గేటు లోపలికి కూడా రాలేదు. నేను పరిగెత్తుకెళ్ళాను. "ఏమైందక్కా, పాపకి జ్వరమా?" అన్నాను.

"జ్వరం కాదండీ," అంది.

నన్ను "అండీ" అంది వదినా. చెల్లీ అనే మనిషి.

"మా అత్తగారు కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళి వస్తూ, బస్సు కోసం కూర్చున్నారండీ, ఆ పెద్ద బస్టాండులో. పైన మైకులో ఎవరో ఆడమనిషి గుర్రం గురించి చెబుతోందట. పాపం అనుకుని డబ్బాలో నోటు కూడా వేశారట. ఆ తర్వాత, ఆ పాప గుర్రాన్ని పెద్దమ్మా అని పిలుస్తుంది అని వినబడిందట. ఆ తర్వాత నా మాట వినబడిందట. సీలింగులోంచి. మీతో తప్ప నేను ఎవరితోనూ అనలేదండీ ఆ మాట."

నేను గేటు గడియ తీశాను.

"మీరు మాట్లాడరు కదా, మీ దగ్గర భద్రంగా ఉంటుందనుకున్నాను," అని వెళ్ళిపోయింది.

మీరు మైకులో చదివారా? ఏ బస్సుకీ ఏ బస్సుకీ మధ్య చదివారు? ఇక్కడినుంచి మీకు ఒక్కరికే అని రాశాను. నా కోడికాళ్ళు బాగానే అర్థమయ్యాయన్నారు, మరి ఆ ముక్క అర్థం కాలేదా? కాల్చెయ్యమని రాశాను. అదీ అర్థం కాలేదా?

ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. రాస్తుంటే కాగితం చిరిగింది. ఇది వేరే కాగితం.

దీన్నయినా కాల్చండి.

మీ మరదలు

*

బస్టాండు, అనౌన్సు గది,
గురువారం

అమ్మాయ్,

నీ ఉత్తరం చేరింది. నన్ను నిలదీసేంత నోరు నీకు వచ్చింది, సంతోషం. ఆ నోరేదో గడ్డి షాపతని దగ్గర తెరిచి ఉంటే నా దాకా వచ్చేదే కాదు.

అవును, చదివాను. అయితే ఏమిటి? పేరు చెప్పానా? ఊరు చెప్పానా? ఒక తల్లి, ఒక పాప, ఒక గుర్రం. అలాంటి తల్లులు ఊరికొకరు ఉంటారు. ఆ ముసలావిడ ఆ రోజే, ఆ పూటే, నా మైకు కిందే కూర్చోవాలా? దానికి నేనేం చెయ్యను?

ఒక్కటి అడుగుతాను, కోపం పక్కనపెట్టి చెప్పు. మొదటిరోజు నేను చెప్పింది నువ్వు చెప్పమన్నదే. నడుము ఊగుతుంది, నడక నేర్పుతుంది, మూడు గుర్రాలు. జనం ఆవలించారు. రెండో రోజు ఆ తల్లి మాట చెప్పగానే బస్సు ఎక్కినవాళ్ళు దిగివచ్చి వేశారు. ఒక డ్రైవరు, ఏడ్చినట్టే ఉన్నాడు, తన భోజనం డబ్బులు వేశాడు. మంచి మాటలకి ఎవడూ జేబులో చెయ్యి పెట్టడే. ఎదుటివాళ్ళ గుండె కోసి చూపిస్తేనే పెడతాడు. అది నా తప్పా?

చుక్క బతికింది. అది నీ మౌనంతో బతకలేదు. నా నోటితో బతికింది.

తల్లిలేని పిల్లాణ్ణి పెంచి నీ చేతికిచ్చాను. ఇంతకాలం నువ్వు నాకు ఎదురు చెప్పలేదు. ఎవరో బట్టలు కుట్టే ఆవిడ కోసం ఇవాళ చెప్పావు. సరే. గుర్తుపెట్టుకుంటాను.

వదిన

*

లాయం వెనక గది,
ఆదివారం

వదినకి,

ఎవరో బట్టలు కుట్టే ఆవిడ కాదు. నన్ను చెల్లీ అన్న మనిషి. ఈ ఊళ్ళో అలా పిలిచింది ఆవిడొక్కతే.

మీ తమ్ముడితో గొడవైంది. "అక్క మంచికే చేసింది" అన్నాడు. మంచికి చేసినవాళ్ళకి ఎప్పుడూ ఏమీ కాదు, గమనించారా? అయ్యేదంతా పక్కవాళ్ళకే. ఆయనతో మాట్లాడడం మానేశాను. నేను మాట్లాడడంలేదని ఆయనకి తెలియడానికే నాలుగు రోజులు పట్టింది. తెలిశాక మాత్రం పాపం నీళ్ళు తనే తోడుకుంటున్నాడు.

నిన్న టైలరమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది కానీ కూర్చోమనలేదు. మిషను ముందు కూర్చుని కుడుతూనే ఉంది. పిడికిలి కింద, చుట్టిపెట్టిన పరుపు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని ఉంది. కొలతల టేపు పరుపుకి చుట్టి కళ్ళెంలా పెట్టుకుంది. రెండు చేతులూ గుప్పిటలే. టేపు పట్టుకోలేక మణికట్ల మధ్య ఇరికించుకుంది. నన్ను చూసి "పెద్దమ్మ నడుస్తోందా?" అంది. నడుస్తోంది అన్నాను. "నేను లేకుండానా?" అంది.

వదినా, ఆ నడుము ఇప్పటికే బిగుసుకుంటోంది. పక్కకి వాలిపోతోంది. ఇన్ని నెలలు నిలబెట్టిన నడుము. గడ్డి ఉంది, గుర్రం ఉంది, ఎక్కాల్సిన పిల్ల లేదు. మీ నోరు చేసిన మేలు ఇది.

ఇంకా వినండి. వెనక గదిలోంచి అత్తగారు నాకు వినబడేలా అంది: "ఇప్పుడు నేనే పాప పక్కన పడుకుంటున్నాను. తల్లిని నమ్మేదెలా? నిద్రలో ఏమైనా చేస్తే?"

టైలరమ్మ మిషను ఆపలేదు. కుడుతున్న గుడ్డ ఎప్పుడో అయిపోయింది. ఉత్త సూది టకటకా పైకీ కిందికీ పోతోంది.

"మా అత్తగారు ఏం విన్నారో తెలుసా?" అంది. "ఆ పాప నిద్రలోనే పోతే బాగుండు అని తల్లి అంది, అని విన్నారు. నేనలా అన్నానా? నువ్వే చెప్పు. పాప అన్నానా?"

లేదక్కా అన్నాను. ఎవరు అని అడక్కు, నాకే తెలీదు అన్నావు అన్నాను.

"నువ్వు రాసింది ఎలా?"

నువ్వన్నట్టే రాశాను అన్నాను.

"అయితే ఆ ముక్క ఎవరు తినేశారు?" అంది.

అదే నేను మిమ్మల్ని అడుగుతున్నాను. ఎవరు తినేశారు? అంత మాట అప్పగిస్తే, అందులో ఆ మనిషిని కాపాడే ముక్క ఒక్కటే ఉంటే, దాన్నే తీసేశారా? కూతురి పక్కన పడుకోనివ్వడం లేదు వదినా. కన్నతల్లిని. మీరు బస్సుల టైములు చెప్పుకుని ఇంటికెళ్ళి పడుకుంటున్నారు.

ఎదురు చెప్పినందుకు గుర్తుపెట్టుకుంటానన్నారు. పెట్టుకోండి. దీన్ని మాత్రం కాల్చండి.

మీ మరదలు

*

ఇల్లు,
బుధవారం

అమ్మాయ్,

నేనే తీసేశాను.

మైకులో పొడుగు మాట నిలవదు. సగం మంది సామాన్లు సర్దుకుంటూ వింటారు. ఎవరు, నువ్వా పాపా, నాకే తెలీదు అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకని పాప అని పెట్టి చదివాను. బస్సు ఆలస్యమైతే కారణాలన్నీ చెప్పం కదా, ఆలస్యం అని చెబుతాం. అలవాటు. చేతికి కత్తెర అలవాటైనట్టు నా నోటికి అది అలవాటు.

పక్కన పడుకోనివ్వడం లేదన్న సంగతి నాకు తెలియదు. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన అన్నం సగంలో వదిలి లేచాడు. నన్ను తిట్టినా బాగుండేది.

సరే, నా వల్ల చెడింది, నేనే బాగుచేస్తాను. ఆలోచించి పెట్టాను. సోమవారం రద్దీ ఎక్కువ. పొద్దున బస్సులన్నీ నిండుతున్నప్పుడు మైకులో చెబుతాను: ఫలానా రోజు ఒక తల్లి గురించి నేను చెప్పిన మాట పూర్తిగా నిజం కాదు, ఆవిడ అసలు అన్నది ఇదీ, నన్ను క్షమించాలి, అని. రెండుసార్లు చదువుతాను, అన్ని ప్లాట్‌ఫారాలకీ వినబడేలా. చాలా?

వదిన

*

లాయం,
ఉత్తరం అందిన పూటే

వదినా,

మళ్ళీ మైకా!

మీకేమైనా మతి ఉందా? నిప్పు అంటుకుంటే ఆర్పడానికి కిరసనాయిలు తెస్తారా? ఆ మాట ఇంకా వినని వాళ్ళెవరైనా మిగిలి ఉంటే వాళ్ళకి కూడా వినిపిస్తారా? రెండుసార్లా!

మైకు జోలికి వెళ్ళారంటే నేను వచ్చి ఆ తీగ పీకేస్తాను. నాకు భయం లేదనుకోకండి, ఉంది. భయపడుతూనే వచ్చి పీకుతాను.

టైలరమ్మకి మీ ఉత్తరం సంగతి చెప్పాను. చాలాసేపు సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది. తర్వాత అంది:

"మీ వదినని రమ్మను. మా ఇంటికి వచ్చి, మా అత్తగారి ఎదురుగా కూర్చుని, మొత్తం చెప్పమను, తినేసిన ముక్కతో సహా. మైకు లేకుండా. ఆ తర్వాత పాపని లాయానికి తెస్తాను. మీ వదిన పాప పక్కన నడవాలి. నోరు మూసుకుని. ఒక రోజు కాదు, వారం వారం వచ్చి నడవాలి. నేను చాలు అనేవరకూ."

అదీ ఆవిడ మాట. మార్చకుండా రాశాను. మీరైతే చిన్నది చేసేవారేమో.

వస్తారా రారా?

కాల్చండి.

మీ మరదలు

*

ఇల్లు,
సోమవారం, మొదటిసారి మీ దగ్గరికి వచ్చి వెళ్ళాక

మరదలికి,

ముందు ఒక సంగతి. నా ఎడమ భుజం పనిచెయ్యడంలేదు. ఆ పిల్ల తొడ మీద చెయ్యి వేసి ఇసకలో అన్ని చుట్లు తిరగడం ఏ పని అనుకున్నాను. గాడిద చాకిరీ. గుర్రం నయం, దానికి నాలుగు కాళ్ళు. నువ్వు రోజూ ఎలా చేస్తున్నావే?

రెండో సంగతి. నిన్న నాకు ఏం శాస్తి జరిగిందో నీకు తెలుసు, పక్కనే ఉన్నావు. అయినా రాస్తున్నాను, రాయకపోతే గొంతులో అడ్డం పడేలా ఉంది.

ముసలావిడ ముందు కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా వేలమందికి చెప్పే నోరు, ఒక్క మనిషి కళ్ళలోకి చూసి చెప్పాల్సి వస్తే తడారిపోయింది. మొత్తం చెప్పాను. "పాప అన్న మాట ఆవిడది కాదండీ, నాది. నేను చేర్చాను" అన్నాను. ఆవిడ "నీ గొంతు మైకులో వేరేగా ఉంటుంది" అంది, అంతే. తిడితే తిరిగి ఏదో అందును. ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆ తర్వాత ఇసకలో. ఆ టైలరమ్మ కంచె మీద చేతులు పెట్టి నిలబడి, నేను ఆమె ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక్కొక్కటి వదిలింది. ఒక చుట్టులో "ఏమండీ, ఆరో నంబరు బస్సు ఎన్నింటికండీ?" అంది. తర్వాతి చుట్టులో "మాట్లాడరేమండీ, మైకు కావాలా?" అంది. తమ్ముడు తాడు పట్టుకుని ముందు నడుస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు, వాడి వీపు కదలడం చూశాను. మేడం ఆవిణ్ణి కసిరింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను పేలిపోయేదాన్ని. నా జన్మలో అంతసేపు నోరు మూసుకోలేదు.

ఆ తర్వాత జరిగింది నీకు కనబడలేదు, నువ్వు అటువైపు ఉన్నావు. పిల్ల మొదట కర్రలా ఉంది. నా చేతి కింద తొడ రాయిలా ఉంది. కొంతసేపటికి వదులైంది. ఆ తర్వాత ఒక చెయ్యి విడి, జూలు అనుకుందో ఏమో, నా జడ పట్టుకుంది. గట్టిగా కాదు. నేను తల వంచుకుని, మెడ నొప్పి పెడుతున్నా అలాగే నడిచాను. ఒక్క మాట అనలేదు. ఎవరో ఒకరికి చెప్పాలని నోరంతా దురద.

ఇవాళ పొద్దున డ్యూటీలో, బస్సుకీ బస్సుకీ మధ్య, ఊరికే ఖాళీ దొరికింది. ప్లాట్‌ఫారాల నిండా జనం. బటను మీద వేలు పెట్టాను. నిజం చెబుతున్నాను, పెట్టాను. ఆ చెయ్యి నా జడలో ఉన్నట్టే ఉంది. చెబితే జనం ఏడుస్తారు, నాకు తెలుసు. బటను నొక్కి, "ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది" అని చెప్పి ఆపేశాను.

నీ ఉత్తరాలన్నీ నిన్న రాత్రి పొయ్యిలో వేశాను. మొదటిది కూడా. అది కాలుతుంటే మీ అన్నయ్య "ఇప్పుడా" అన్నాడు.

ఇప్పుడైనా కోపం పోయిందా?

వదిన

*

లాయం వెనక గది,
ఆదివారం, మీరు నాలుగోసారి వచ్చి వెళ్ళాక

వదినకి,

పోలేదు.

మీరు అడిగి మూడు వారాలైంది కదా, ప్రతి ఆదివారం మీ మొహం చూసి చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను. ఒత్తుల సంగతి మీకు తెలిసిందే.

కోపం తగ్గింది. పోవడం వేరు. గడ్డి తింటున్నప్పుడల్లా చుక్క మొహం చూసి సంతోషపడదామనుకుంటాను, ఆ గడ్డి ఎవరి మాట అమ్మితే వచ్చిందో గుర్తొస్తుంది. చుక్కకి గుర్తురాదు. అది హాయిగా నములుతుంది. మన ఇద్దరికీ గుర్తుండాలి. గుర్తుపెట్టుకుంటానని మీరు ఒకసారి నన్ను బెదిరించారు, ఇప్పుడు నిజంగా పెట్టుకోండి.

మీరు బస్సు ఎక్కాక ఇక్కడ జరిగింది చెబుతాను. పిడికిలిని ఇంటిదాకా నేనే దింపాను. ముందు గదిలో ముసలావిడ పరుపు పరిచి ఉంది. దిండూ నీళ్ళ చెంబూ కూడా అక్కడికే వచ్చాయి. "వెనక గదిలో ఉక్కపోస్తోంది" అంది, నేను అడగకుండానే. బయట చలిగాలి వీస్తోంది. టైలరమ్మ నా వైపు చూడలేదు, నేనూ ఆవిడ వైపు చూడలేదు. పాపని వెనక గదిలో మంచం మీద కూర్చోబెట్టాను. రెండు దిళ్ళు పక్కపక్కన ఉన్నాయి.

చెప్పులేసుకుంటుంటే టైలరమ్మ గుమ్మం దాకా వచ్చింది. "చెల్లీ" అంది. అని, మీ గురించి ఒక మాట అంది. ఆ తర్వాత తన గురించి ఒక మాట అంది.

మంచివా చెడ్డవా అని మీరు వచ్చే ఆదివారం నా మొహం చూసి కనిపెట్టాలని చూస్తారు. చూడండి. బెల్లం కొట్టిన రాయిని చూసి ఏం కనిపెడతారో. ఆ రెండూ నేను రాయను. మీ తమ్ముడికి చెప్పను. అవి నా దగ్గరే ఉంటాయి.

ఆవిడ ఇంకా చాలు అనలేదు. కాబట్టి ఆదివారం ఉదయం బస్సుకే రండి. గట్టి బూట్లు వేసుకుని రండి, ఆ జరీ చెప్పులు కాదు. జడ ముడి వేసుకోవద్దు, వదిలెయ్యండి. పాప అడిగింది.

ఈ ఉత్తరంలో దాచాల్సింది ఒక్క ముక్క కూడా లేదు. కావాలనే పెట్టలేదు. అయినా సరే, చదవగానే కాల్చెయ్యండి. మీకు అలవాటు కావాలి.

మీ మరదలు